వృత్తం ఎరుపా, నీలమా?

చంద్రుడికి నలుచదరం ఏమిటి? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు.

మా గోదావరి జిల్లాల్లో సత్యనారాయణ వ్రతం జరగని ఇల్లు అరుదు. పెళ్లయినా, గృహప్రవేశమైనా, పిల్లలకి ఉద్యోగం వచ్చినా అన్నవరం కొండెక్కో, ఇంట్లోనే పీట వేసుకునో వ్రతం చేసుకుంటాం. అందరి చెవులూ కథల కోసమే ఎదురుచూస్తుంటాయి. ప్రసాదం కోసం పిల్లలు అటూ ఇటూ తిరుగుతుంటారు. అయిదు కథలూ మొదలయ్యే ముందు నవగ్రహాల ఆవాహన ఉంటుంది. ఆ కాసేపూ పురోహితుడి నోట వచ్చే మాటల్ని చెవి ఒగ్గి వింటే, ఒక చిత్రకళా పాఠం అక్కడ సాగిపోతోందని తెలుస్తుంది.

సూర్యుడిది వర్తులాకార మండలం. చంద్రుడిది చతురస్రం. అంగారకుడిది త్రికోణం. బుధుడిది బాణం. గురువుది దీర్ఘచతురస్రం. శుక్రుడిది పంచకోణం. శనిది విల్లు. రాహువుది చేట. కేతువుది జెండా. ఒక్కో ఆకారానికీ ఒక రంగు, ఒక ధాన్యం, ఒక దిక్కు ఉన్నాయి. సూర్యుడికి ఎరుపు, గోధుమలు, నడిమి స్థానం. చంద్రుడికి తెలుపు, బియ్యం, ఆగ్నేయం. కుజుడికి ఎరుపు, కందులు, దక్షిణం. బుధుడికి పచ్చని పెసలు, ఈశాన్యం. గురువుకి పసుపు, శనగలు, ఉత్తరం. శుక్రుడికి తెలుపు, బొబ్బర్లు, తూర్పు. శనికి నలుపు, నువ్వులు, పడమర. రాహువుకి పొగరంగు, మినుములు, నైరుతి. కేతువుకి రకరకాల రంగుల కలగలుపు, ఉలవలు, వాయవ్యం.

మూడు వరసలు, వరసకు మూడు గళ్లు. తొమ్మిది ఆకారాలు, తొమ్మిది ధాన్యాలు. మనిషి ముఖం లేదు, చేతులు లేవు, వాహనాలు లేవు. రేఖాగణితంతో, రంగుతో మాత్రమే గీసిన ఆకాశం అది. దీన్ని నైరూప్య చిత్రం అనకపోతే మరి దేన్ని అనాలో నాకు తెలియదు.

సూర్యుడు గుండ్రంగా, ఎర్రగా ఉండడంలో వింత లేదు. పొద్దున్నే గోదావరి రేవులో నిలబడ్డవాడికి ఆయన అలాగే కనిపిస్తాడు. మరి పున్నమినాడు అంతకంటే గుండ్రంగా కనిపించే చంద్రుణ్ణి నలుచదరంలో ఎందుకు కూర్చోబెట్టారు? భూమి కొడుకని పేరున్న కుజుడు ముక్కోణంలోకి ఎందుకు వెళ్లాడు? కంటికి కనిపించేదాన్ని అచ్చుగుద్దడమే ఉద్దేశమైతే చంద్రుడికి వృత్తమే దక్కేది. ఈ మండలం గీసినవాళ్లకి పోలికతో పనిలేదు. వాళ్లకి కావలసింది వేరే ఉంది. అదేమిటో తెలుసుకోవాలనే ఈ వ్యాసం.

ఒకసారి వ్రతం పూర్తయ్యాక పంతులుగారిని అడిగాను. "పంతులుగారూ, త్రికోణం, పంచకోణం అంటూ వచ్చారు. పీట మీద మాత్రం తొమ్మిదింటికీ ఒకటే తమలపాకు, ఒకటే వక్క, ఒక ఖర్జూరప్పండు, ఒక రూపాయి బిళ్ల ఉన్నాయి కదండీ?"

ఆయన కలశం సర్దుతూ, "శాంతి చేయించినప్పుడు, హోమం ఉన్నప్పుడు ధాన్యాలతో ఆకారాలు పోస్తామండి. ఇంట్లో వ్రతానికి ఆకే ఆనవాలు. ఆకారం మాటలో ఉంది. మీరు మనసులో గీసుకోవాలి" అన్నారు.

నేను చదివిన కళావిమర్శల్లో ఇంత సూటిగా చెప్పిన మాట తక్కువ. పీట మీద కనిపించేది ఆకూ వక్కా. చెవిన పడేది చతురస్రం. చిత్రం పూర్తయ్యేది కూర్చున్నవాడి మనసులో. నైరూప్య చిత్రం ముందు నిలబడి "ఏముంది ఇందులో?" అని అడిగేవాళ్లకి ఇంతకు మించిన సమాధానం అక్కర్లేదు. చూసేవాడు తన వంతు పని చేయాలి.

ఏ ఆకారానికి ఏ రంగు అనే ఈ ప్రశ్నే 1923లో జర్మనీలోని వైమార్ పట్టణంలో ఒక కాగితం మీదికి ఎక్కింది. అక్కడి బౌహౌస్ కళాశాలలో పాఠాలు చెబుతున్న వాసిలీ కాండిన్‌స్కీ విద్యార్థులకి ఒక ప్రశ్నపత్రం పంచాడు. అందులో ఖాళీగా ఒక త్రికోణం, ఒక చతురస్రం, ఒక వృత్తం ఉన్నాయి. పసుపు, ఎరుపు, నీలం రంగుల్లో దేనికి ఏది నప్పుతుందో నింపమన్నాడు. ఎందుకలా నింపారో చెప్పగలిగితే చెప్పమన్నాడు. ఎక్కువమంది త్రికోణానికి పసుపు, చతురస్రానికి ఎరుపు, వృత్తానికి నీలం వేశారు. కాండిన్‌స్కీ అభిప్రాయమూ అదే. పసుపు పొడుచుకువచ్చే రంగు, కాబట్టి వాడి కోణానికి చెందుతుందని. నీలం తనలోకి తాను ముడుచుకునే రంగు, కాబట్టి వృత్తానికి చెందుతుందని. ఎరుపు ఉన్నచోట నిలబడి మండే రంగు, కాబట్టి లంబకోణానికి చెందుతుందని ఆయన వాదన. 1926లో అచ్చయిన తన పుస్తకంలో కోణాల డిగ్రీల దాకా వెళ్లి ఈ పొత్తుల్ని వివరించాడు.

ఆ వాదనలో అందముంది. కన్ను నిజంగా పసిగట్టే సంగతులు అందులో ఉన్నాయి. పసుపు ముందుకు వస్తుంది, నీలం వెనక్కి తగ్గుతుంది, ఇది ఎవరైనా రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. అయితే ఇదే ప్రపంచమంతటికీ వర్తించే నిఘంటువని నమ్మితే చిక్కు వస్తుంది. అదే బౌహౌస్‌లో పాఠాలు చెప్పిన ఆస్కార్ ష్లెమ్మర్‌కు ఈ లెక్క నచ్చలేదు. ఆయన చెయ్యి తనంత తాను వృత్తాన్ని ఎర్రగానూ, చతురస్రాన్ని నీలంగానూ వేసేదట. వృత్తం దగ్గర ఆయనా మా పంతులుగారూ ఒకే వైపు ఉన్నారు. కాండిన్‌స్కీ త్రికోణం పసుపు, మా కుజుడి త్రికోణం ఎరుపు. కాండిన్‌స్కీ చతురస్రం ఎరుపు, మా చంద్రుడి చతురస్రం తెలుపు. ఒక్కటీ కలవలేదు.

ఎవరిది ఒప్పు అని అడగడం దారి తప్పడమే. ఒకసారి మళ్లీ పీట దగ్గరికి వద్దాం. ఎరుపు ఒక్క గ్రహానిది కాదు, సూర్యుడిదీ కుజుడిదీ. తెలుపు చంద్రుడిదీ శుక్రుడిదీ. శనీ రాహువూ ఇద్దరూ చీకటి రంగులవాళ్లే. అంటే రంగు ఒక్కటే చెబితే ఏ గ్రహమో తేలదు. ఎరుపులో గుండ్రం అంటే సూర్యుడు, ఎరుపులో ముక్కోణం అంటే కుజుడు. తెలుపులో నాలుగు మూలలుంటే చంద్రుడు, అయిదుంటే శుక్రుడు. ఆకారం రంగుని విడదీస్తోంది, రంగు ఆకారానికి ప్రాణం పోస్తోంది, స్థానం ఆ రెంటినీ నిలబెడుతోంది. చంద్రుడు వృత్తంలో ఉంటే సూర్యుడికీ చంద్రుడికీ తేడా రంగు ఒక్కటే అయ్యేది. చతురస్రంలోకి వెళ్లడంతో ఇద్దరూ రెండు విధాలా వేరయ్యారు. పెద్దలు ఈ ఉద్దేశంతోనే పెట్టారని నేను చెప్పబోవడం లేదు. వాళ్లు పెట్టిన అమరిక మాత్రం ఇలా పనిచేస్తోంది. ఏ ఆకారమూ తన అర్థాన్ని తానొక్కటే మోయడం లేదు. పక్కనున్నవాటి వల్లే ప్రతిదానికీ అర్థం.

ఈ మాటకి ఇంకా గట్టి సాక్ష్యం కోనసీమలో ఉంది. గోదావరి పాయల నడుమ కొబ్బరితోటల్లో ఉన్న అగ్రహారాల్లో నిత్యాగ్నిహోత్రులైన ఆహితాగ్నులు మన కాలం దాకా ఉన్నారు. వాళ్ల జీవితాల మీద అమెరికన్ పండితుడు డేవిడ్ నైప్ ఏళ్ల తరబడి పనిచేసి 2015లో ఒక పెద్ద పుస్తకం వెలువరించాడు. ఆహితాగ్ని ఇంట మూడు అగ్నులు, మూడు కుండాలు. పడమర గార్హపత్యం, అది గుండ్రం. తూర్పున ఆహవనీయం, అది నలుచదరం. దక్షిణాన దక్షిణాగ్ని, అది అర్ధచంద్రాకారం. బ్రాహ్మణ గ్రంథాల ప్రకారం గుండ్రని గార్హపత్యం ఈ భూలోకం, నలుచదరపు ఆహవనీయం స్వర్గం, నడిమి అంతరిక్షం దక్షిణాగ్ని.

ఇక్కడ యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బసూత్రాలు పెట్టిన షరతు నాకు చాలా ఇష్టం. మూడు కుండాల ఆకారాలు వేరైనా వైశాల్యం మాత్రం ఒక్కటే కావాలి. భూమి ఎంతో స్వర్గమూ అంతే. అందుకోసం నలుచదరాన్ని అంతే వైశాల్యం గల వృత్తంగా మార్చే పద్ధతి కావలసివచ్చింది. తెలుగు వైదికుల్లో ఎక్కువమంది ఆపస్తంబ సూత్రస్థులు. ఆ ఆపస్తంబుడి శుల్బసూత్రంలో దారి ఉంది. నలుచదరం నడుమ మేకు కొట్టి, అక్కడి నుంచి మూల దాకా తాడు పట్టాలి. ఆ తాడుని భుజం మధ్యకి తిప్పితే కొంత భాగం గీత దాటి బయటికి వస్తుంది. బయటికి వచ్చిన దాంట్లో మూడో వంతు మాత్రం ఉంచుకుని వృత్తం తిప్పాలి. అలా వచ్చిన వృత్తానికీ, మొదటి నలుచదరానికీ వైశాల్యంలో తేడా నూటికి రెండు పాళ్లు కూడా ఉండదు. తాడు, మేకు తప్ప ఇంకేమీ చేతిలో లేనివాళ్లు సాధించిన పని అది. ఒక సంకేతం కోసం, భూమీ స్వర్గమూ సరిసమానం కావాలనే ఒక భావం కోసం అంత గణితం పుట్టింది.

ఇప్పుడు అదే ఇంట్లో ఇంకో అర చూడండి. తంత్రశాస్త్రంలో పంచభూతాలకీ ఆకారాలున్నాయి. అక్కడ భూమి పసుపుపచ్చని నలుచదరం. నీరు తెల్లని అర్ధచంద్రం. అగ్ని ఎర్రని త్రికోణం. యజ్ఞశాలలో గుండ్రంగా ఉన్న భూమి యంత్రంలోకి వచ్చేసరికి నలుచదరమైంది. యజ్ఞశాలలో నలుచదరం స్వర్గం, వ్రతం పీట మీద అదే నలుచదరం చంద్రుడు. ఒకే సంప్రదాయంలో, ఒకే కుటుంబంలో, ఒక్కోసారి ఒకే పురోహితుడి చేతిలో ఒక ఆకారానికి మూడు అర్థాలు. ఎవరూ తికమకపడలేదు. ఎక్కడున్నామో, ఏ పనిలో ఉన్నామో అందరికీ తెలుసు కాబట్టి.

ఆకారానికి చోటు ఎంత ముఖ్యమో కాజిమీర్ మాలెవిచ్‌కి తెలిసినంతగా యూరప్ చిత్రకారుల్లో మరొకరికి తెలియదనుకుంటాను. 1915 డిసెంబరులో పెట్రోగ్రాడ్‌లో జరిగిన ప్రదర్శనలో ఆయన తన నల్లచతురస్రాన్ని పెట్టాడు. తెల్లని అంచు లోపల నల్లని నలుచదరం, అంతే. దాన్ని మిగతా చిత్రాలతోబాటు గోడ మీద వరసలో తగిలించలేదు. గది మూలలో, పైకప్పుకి దగ్గరగా, రెండు గోడలకీ అడ్డంగా బిగించాడు. రష్యన్ ఇళ్లలో ఆ మూల దేవుడి పటాలది. మనకి ఈశాన్యం ఎంతో వాళ్లకి ఆ మూల అంత. లోపలికి వచ్చినవాడు ముందు అటు చూసి దణ్ణం పెట్టుకుంటాడు. దేవుడి పటం ఉండాల్సిన చోట ఏ రూపమూ లేని నలుపు కనిపించేసరికి చూసినవాళ్లు ఉలిక్కిపడ్డారు, కొందరు మండిపడ్డారు. ఆ అలజడి నలుచదరం వల్ల పుట్టలేదు, నలుపు వల్లా పుట్టలేదు. మూల వల్ల పుట్టింది.

అన్నవరంలో ఆ మూలకి మరో రూపం ఉంది. 1891లో రత్నగిరి మీద వెలసిన ఆ క్షేత్రంలో ఆలయం రథాకారంలో ఉంటుంది. పై అంతస్తులో సత్యదేవుడు అమ్మవారితో, శివుడితో కొలువుతీరి ఉంటాడు. కింది అంతస్తులో త్రిపాద్విభూతి మహానారాయణ యంత్రం ఉంది. కింద గీతలు, కోణాలు, బీజాక్షరాలు. పైన కళ్లు, మీసం, చిరునవ్వు ఉన్న స్వామి. మనం పైకి వెళ్లి దర్శనం చేసుకుని, కళ్లకద్దుకుని, ప్రసాదం పొట్లం పట్టుకుని మెట్లు దిగుతాం. ఆ రూపానికి ఆధారమని భావించేది రూపం లేని రేఖాగణితాన్ని. రూపచిత్రమూ నైరూప్యచిత్రమూ శత్రువులని, ఒకదాన్ని కాదని రెండోది వచ్చిందని కళాచరిత్ర పుస్తకాల్లో చదువుతుంటాం. రత్నగిరి మీద అవి రెండూ ఒకే కప్పు కింద, ఒకదానిపై ఒకటి నిలబడి ఉన్నాయి.

ఇంతవరకూ పురోహితుల సంగతి, చిత్రకారుల సంగతి చెప్పాను. వీళ్లందరికంటే ఎక్కువగా రేఖాగణితంతో రోజూ కుస్తీ పట్టేవాళ్లు మన ఆడవాళ్లు. నెలగంట పెట్టింది మొదలు భోగి దాకా డెల్టా పల్లెల్లో తెల్లవారుజామున ఏ వీధిలో నడిచినా కళ్లాపి వాసన, ముగ్గుపిండి రాలే చప్పుడు. మా మేనత్త ముగ్గు పెట్టడం నేను చిన్నప్పుడు అరుగు మీద కూర్చుని చూసేవాణ్ణి. ముందు చుక్కలు. పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేవరకూ సందు చుక్క. నడిమి వరసలో పదిహేను, దాని పైనా కిందా పద్నాలుగు, ఆ తర్వాత పదమూడు, అలా తగ్గుతూ ఎనిమిది. లెక్కపెడితే మొత్తం 169 చుక్కలు, ఆరు భుజాల ఆకారం. అదే పదిహేను చుక్కలతో ఒకటి వచ్చేవరకూ ఎదురు చుక్క పెడితే 113, నాలుగు మూలల ఆకారం. చుక్క కింద చుక్క పడుతుందా, రెండు చుక్కల సందులో పడుతుందా అనే ఒక్క తేడా షడ్భుజికీ చతుర్భుజికీ మధ్య గీత గీస్తుంది. అత్తకి ఆ పేర్లు తెలియవు. చెయ్యి మాత్రం ఏనాడూ తప్పలేదు.

చుక్కల ముగ్గులో గీత చుక్కనుంచి చుక్కకి వెళ్తుంది. ముగ్గు పూర్తయ్యేసరికి చుక్కలు గీతలో కలిసిపోయి కనిపించవు. మెలికల ముగ్గు అలా కాదు. అందులో గీత ఏ చుక్కనీ తాకకూడదు. దాని చుట్టూ తిరగాలి, ప్రతి చుక్కా ఒక గదిలో సురక్షితంగా ఉండాలి, చివరికి గీత బయల్దేరిన చోటికే చేరాలి. మెలికల ముగ్గులో ఆఖరి మలుపు దగ్గర అత్త చెయ్యి కొంచెం నెమ్మదించేది. బొటనవేలూ చూపుడువేలూ మధ్య పిండి సన్నగా జారేది. మొదటి గీత కొసకీ ఆఖరి గీత కొసకీ మధ్య అతుకు కనిపించకూడదు. కనిపిస్తే పాదంతో అక్కడి మేర తుడిచి మళ్లీ వేసేది. ఒక ముగ్గులో చుక్క గీతకు దారి చూపి మాయమవుతుంది. రెండో ముగ్గులో చుక్క కేంద్రమై నిలుస్తుంది, గీత దానికి ప్రదక్షిణ చేస్తుంది. బిందువు గురించి ఎన్ని తాత్త్విక గ్రంథాలు రాసినా ఈ రెండు దారులే కదా తేలేది.

వీధిలో వెళ్లేవాళ్లు ముగ్గుని చదువుతారు కూడా. నాలుగు వైపులా జంట గీతలు లాగి ఉంటే ఆ ఇంట్లో శుభకార్యం. గడపకి పసుపు రాసి, వరసగా కుంకుమ బొట్లు పెట్టి, పక్కన తెల్లని పిండి గీతలుంటే ఇల్లాలు పండగ పనిలో ఉందని అర్థం. కనుమనాడు రథం ముగ్గు వేసి, దాని తాడు గీతని పక్కింటి రథం దాకా లాగితే ఆ వీధంతా ఒక్కటేనని అర్థం. తద్దినం రోజున వాకిట్లో ముగ్గు ఉండదు. మైలలో ఉన్న ఇంటి ముందూ ఉండదు. ఆ ఖాళీ వాకిలి చూడగానే దారినపోయేవాళ్లు గొంతు తగ్గిస్తారు. గీతకే కాదు, గీత లేకపోవడానికీ అర్థం ఉన్న భాష అది. రాసినవాళ్లూ చదివినవాళ్లూ ఒకే వీధివాళ్లు కాబట్టే ఆ భాష నడిచింది.

చిత్రశాలలో తగిలించిన నైరూప్య చిత్రానికి ఈ వీధి లేదు. దాని కష్టమంతా అక్కడే ఉంది.

రాజమండ్రి మన ఆధునిక చిత్రకళకి పుట్టిల్లు. 1897లో పుట్టి, బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, తిరిగివచ్చి ఇక్కడే చిత్రకళాశాల పెట్టిన దామెర్ల రామారావు ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే 1925లో పోయాడు. ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో మనుషులున్నారు, పుష్పాలంకరణలో మునిగిన స్త్రీలున్నారు, కొండల నడుమ గోదావరి ఉంది. ఆయన బతికుండగానే, 1922 డిసెంబరులో, కలకత్తాలో బౌహౌస్ చిత్రకారుల ప్రదర్శన జరిగింది. కాండిన్‌స్కీ, పాల్ క్లే చిత్రాలు దాంట్లో ఉన్నాయి. యూరప్ నైరూప్యత మన తీరానికి చేరిన కాలమూ, దామెర్ల రాజమండ్రిలో మనిషి రూపాన్ని ప్రేమగా గీస్తున్న కాలమూ ఒక్కటే. దామెర్ల దారి గొప్పది, దానికి వంక పెట్టడానికి లేదు. అయితే ఆ చిత్రశాల చూసి బయటికి వచ్చిన ప్రతిసారీ నాకొకటి అనిపిస్తుంది. గోదావరి సీమ తన రూపచిత్రాల్ని గోడకెత్తి దాచుకుంది. తన రేఖాగణితాన్ని మాత్రం నేల మీదే ఉంచింది, రోజూ తుడిచింది, రోజూ మళ్లీ గీసింది, కళ అని పిలవలేదు.

ఆ రేఖాగణితాన్ని నేల నుంచి గోడకెక్కించినవాళ్లు వేరేచోట్ల నుంచి వచ్చారు. కరీంనగర్ ప్రాంతంలో 1915లో పుట్టి హైదరాబాద్‌లో స్థిరపడిన పి.టి. రెడ్డి 1970ల్లో యంత్రాల త్రికోణాల్నీ, తంత్ర సంకేతాల్నీ కాన్వాసు మీదికి తెచ్చారు. మధ్యప్రదేశ్‌లో పుట్టి పారిస్‌లో దశాబ్దాలు గడిపిన ఎస్.హెచ్. రజా 1970ల చివర నుంచి బిందువుని పట్టుకుని జీవితాంతం వదల్లేదు. చిన్నప్పుడు మనసు నిలవని ఆ పిల్లవాడికి బడిపంతులు గోడ మీద ఒక చుక్క పెట్టి దాన్నే చూస్తూ కూర్చోమన్నాడట. ఆ చుక్క నల్లని పెద్ద వృత్తమై, చుట్టూ ఎరుపు, పసుపు, నీలం, తెలుపు త్రికోణాలతో, పట్టీలతో కాన్వాసంతా పరుచుకుంది.

ఇద్దరి చిత్రాల ముందూ ఒకే ఇబ్బంది ఎదురవుతుంది. శ్రీచక్రంలో పైకి చూసే త్రికోణాలు నాలుగు, కిందికి చూసేవి అయిదు, ఆ తొమ్మిదీ ఒకదాన్నొకటి కోసుకుంటే పుట్టేవి 43. ఉపాసకుడికి అందులో ప్రతి గీతా ఒక మెట్టు. అదే ఆకారం చిత్రశాలలో వేలాడితే, చూసేవాడి చేతిలో కుంకుమ లేదు, నోట్లో నామం లేదు, బయటి గీత నుంచి బిందువు దాకా వెళ్లే క్రమం లేదు. అతనికి దక్కేది రంగు, కోణం, బరువు, ఎడం. దక్కకుండా పోయింది చాలా ఉంది, నిజమే. కొత్తగా దక్కిందీ ఉంది. ఏ దీక్షా లేనివాడు, ఏ కులంవాడైనా, ఏ మతంవాడైనా ఆ గీతల ముందు నిలబడి తనంత తాను చూడవచ్చు. పీట ముందు కూర్చునే అర్హత అందరికీ ఇవ్వని సమాజంలో అది చిన్న లాభం కాదు. రజా ముస్లిం కుటుంబంలో పుట్టినవాడు. బిందువు ఆయన్ని కాదనలేదు.

ఆ లాభం మనకి దక్కాలంటే ఒక అలవాటు మానుకోవాలి. ఎరుపు కోపం, నీలం శాంతి, పసుపు ఆనందం, త్రికోణం శక్తి, వృత్తం పరిపూర్ణత అంటూ పట్టికలు అచ్చవుతుంటాయి. పిల్లలకి పోటీపరీక్షల్లో బట్టీ పట్టిస్తారు. ఆ పట్టిక పట్టుకుని చిత్రం ముందుకు వెళ్తే చిత్రం కనిపించదు, పట్టికే కనిపిస్తుంది. ఎరుపు మన పెళ్లికూతురి నుదుట ఒకటి, గడప మీద ఒకటి, శ్రావణమాసంలో గోదావరి మోసుకొచ్చే వరదనీటిలో ఇంకొకటి. ఏ ఎరుపు అని అడగకుండా ఎరుపుకి అర్థం చెప్పడం కుదరదు. పీట మీది తొమ్మిది గళ్లూ మనకి నేర్పేది అదే: పక్కన ఎవరున్నారు, నడుమ ఎవరున్నారు, ఎవరు ఎవరి రంగుని పంచుకున్నారు, ఎవరు ఏ మూల ఉన్నారు. ఈ నాలుగూ అడిగితే కాండిన్‌స్కీ చిత్రమైనా, రజా చిత్రమైనా మాట్లాడడం మొదలుపెడుతుంది. అది చెప్పే మాట మనం ముందే అనుకున్నది కాకపోవచ్చు. కాకపోతేనే మంచిది.

మన బళ్లలో చిత్రలేఖనం పీరియడంటే ఇప్పటికీ కొండల వెనక సూర్యుడు, ఒక గుడిసె, ఒక కొబ్బరిచెట్టు. డ్రాయింగ్ మాస్టార్లకి నాదొక మనవి. ఏడాదిలో ఒక్క వారం ఆ కొండల్ని పక్కన పెట్టండి. పిల్లలచేత ఇంట్లో అమ్మనో అమ్మమ్మనో అడిగించి ఒక చుక్కల ముగ్గు, ఒక మెలికల ముగ్గు గీయించండి. చుక్క ఎక్కడ మాయమైందో, ఎక్కడ మిగిలిందో వాళ్లనే చెప్పనివ్వండి. కందులు, పెసలు, నువ్వులు, బియ్యం గుప్పెడేసి ఇచ్చి తొమ్మిది గళ్లు నింపమనండి. చంద్రుడికి నలుచదరం ఎందుకని అడగండి, జవాబు మాత్రం మీరు చెప్పకండి. ఆ తర్వాత కాండిన్‌స్కీ ప్రశ్నపత్రం వాళ్ల ముందు పెట్టండి. వృత్తం ఎరుపని కొందరంటారు, నీలమని కొందరంటారు. ఇద్దరికీ మార్కులు వేయండి.

వృత్తానికి తనదంటూ రంగు లేదు. దాని పక్కన ఏం పెట్టామో, దాన్ని ఎక్కడ పెట్టామో, ఎవరితో కలిసి చూశామో, ఆ పొందికే దానికి రంగునీ అర్థాన్నీ ఇస్తుంది. మన అమ్మమ్మలు రోజూ వాకిట్లో చేసి చూపించిన ఈ పాఠాన్ని కళ అని పిలిచి, పేరు పెట్టి, పుస్తకాల్లోకి ఎక్కించాల్సిన బాధ్యత మనది.